పల్లె పోరగాండ్ల బీపీ ఎవరు చూడాలె?

ఊరి పంచాయతీ ఆఫీసు ముందట బీపీ, షుగర్ శిబిరం. నర్సమ్మ కుర్చీ వేసుకొని కూర్చుంది. వరుసలో అవ్వలు, తాతలు, కూలికి పోయేముందు ఓసారి చూపించుకుందామని వచ్చిన నడివయసు ఆడవాళ్లు. వాళ్ల నడుమ తొమ్మిదో తరగతి పిలగాడొకడు చొక్కా చెయ్యి పైకి మడిచి నిలబడ్డాడు.

"నీకెందుకురా బీపీ? నీకేమన్న ఆలుపిల్లలా, అప్పులా?" అని ఓ పెద్దమనిషి పరాచికమాడాడు. అందరూ నవ్వారు. నర్సమ్మ కూడా నవ్వింది. "ముప్పై దాటినోళ్లకే బిడ్డా, నువ్వు బడికి పో" అంది. పిలగాడు తల దించుకొని పోయాడు.

వాడెందుకొచ్చాడో ఎవరూ అడగలేదు. నెల రోజులుగా తలకాయ నొస్తుందంటున్నాడని, ఆర్ఎంపీ దగ్గర రెండు సూదులు, పదో పన్నెండో గోలీలు అయినాయని వాళ్లమ్మ తర్వాత చెప్పింది. వాళ్ల నాయనకు బీపీ ఉంది. తాత పక్షవాతంతో మంచాన పడి పోయాడు. ఇన్ని కారణాలున్న పిలగాడి చేతికి ఆ రోజు పట్టా చుట్టలేదు. తప్పు నర్సమ్మది కాదు. ఆమె చేతిలో పెట్టిన రిజిస్టరే 30 ఏళ్ల దగ్గర మొదలవుతుంది. మన కొట్లాట ఆ రిజిస్టరుతోనే.

బీపీ నలభై ఏళ్లకు పుట్టదు

బీపీ అంటే బొజ్జ పెరిగిన షావుకార్ల జబ్బని, పట్నంలో ఫ్యాన్ కింద కూర్చునేవాళ్ల జబ్బని మనకు నూరిపోశారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏం చెప్పింది? తెలంగాణలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో 26 శాతం, మగవాళ్లలో 31 శాతం మందికి బీపీ ఉన్నట్టు తేల్చింది. వీళ్లంతా షావుకార్లేనా? నాట్లేసే అమ్మలు, ట్రాక్టరు నడిపే తమ్ముళ్లు, బీడీలు చుట్టే అక్కలు ఇందులో లేరా?

వీళ్లకు బీపీ ఓ పొద్దున లేచేసరికి రాలేదు. చిన్నప్పుడు తోటివాళ్లకన్నా బీపీ ఎక్కువున్న పిల్లలకే పెద్దయ్యాక బీపీ జబ్బుగా ముదిరే అవకాశం ఎక్కువ. ఈ సంగతి డాక్టర్లకు కొత్త కాదు. మరి పిల్లల్లో ఎంతమందికి ఉంది? కేంద్ర ప్రభుత్వం 2016-18లో చేయించిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో సుమారు 5 శాతం మందికి. నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరన్నమాట. అదే సర్వే అంకెలను అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2017లో పెట్టిన కొత్త గీతతో మళ్లీ చూస్తే, 13-19 ఏళ్ల వాళ్లలో నలుగురిలో ఒకరు గీత దాటినట్టు తేలింది.

ఇద్దరా, పది మందా? ఇంత తేడా ఎందుకు? గీత మారితే అంకె మారుతుంది. పైగా ఒక్క పూట కొలిచిన బీపీని పట్టుకొని పిల్లలకు జబ్బుందని తేల్చకూడదు. 13 ఏళ్లు దాటినవాళ్లకు 120 మీద 80 లోపల ఉంటే మంచిది. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చూసినా 130 గానీ, కింద 80 గానీ తగ్గకపోతే అప్పుడు బీపీ ఉందంటారు. అంతకన్నా చిన్నపిల్లలకు వయసు, ఎత్తు, ఆడా మగా లెక్కగట్టి పట్టికలో చూడాలి. మూడుసార్లు చూసే తీరిక ఎవరికుంది? ఒక్కసారి చూసే దిక్కే లేనప్పుడు మూడుసార్ల ముచ్చటెక్కడిది!

అమ్మ కడుపులోనే మొదలు

పల్లె పిలగాడికి బీపీ ఎందుకొస్తుందంటే మొట్టమొదట వాడి తల్లి కంచం వైపు చూడాలి. డేవిడ్ బార్కర్ అనే ఇంగ్లండు వైద్యుడు 1980ల చివర్లో ఓ మాట గట్టిగా చెప్పాడు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు పెద్దయ్యాక గుండె జబ్బు ముప్పు ఎక్కువని. బీపీదీ అదే దారి. మన మూత్రపిండం ఒక్కోదానిలో సగటున పది లక్షల దాకా చిన్న చిన్న జల్లెడలుంటాయి. అవి తల్లి కడుపులోనే, తొమ్మిదో నెల దాకా తయారవుతాయి. నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఆ తర్వాత ఒక్కటి కూడా కొత్తగా రాదు. తల్లికి తిండి లేక బిడ్డ బక్కగా పుడితే ఆ జల్లెడలు తక్కువతోనే పుడుతుంది. ఉన్న కొన్నింటి మీదే ఒళ్లంతటి బరువు పడుతుంది. ఉప్పును బయటికి తోయలేక బీపీ పెరుగుతుంది.

అదే 2019-21 సర్వే ప్రకారం దేశంలో బరువు తూచిన పిల్లల్లో 18 శాతం మంది రెండున్నర కిలోలలోపే పుడుతున్నారు. తెలంగాణలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెండ్లయింది. పదహారేళ్ల పిల్ల కడుపులో ఇంకో పిల్ల. తల్లి ఒళ్లే ఇంకా పెరగాలి, బిడ్డ ఒళ్లూ పెరగాలి. ఉన్న పిడికెడు మెతుకులు ఎవరికి చాలాలి? నెలలు నిండేదాకా పత్తి ఏరి, బీడీలు చుట్టి, పొగాకు దుమ్ము పీల్చిన తల్లికి పుట్టిన బిడ్డ పదిహేనేళ్ల తర్వాత బీపీతో బడికొస్తే, "పిజ్జాలు తిని తెచ్చుకున్నాడు" అందామా?

ఇది ఊరికే అనే మాట కాదు. దీనికి సాక్ష్యం మన రంగారెడ్డి జిల్లా ఊళ్లలోనే దొరికింది. 1987-90 మధ్య హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆ జిల్లాలోని 29 ఊళ్లలో ఓ పని చేసింది. 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ అదనపు ఆహారం, దానికి తోడు ఆరోగ్య సేవలు అందాయి. అంగన్వాడీ ఇంకా రాని మిగతా 14 ఊళ్లలో ఆ ఆహారం లేదు. 2003-05లో పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లారు. అప్పటికి 13 నుంచి 18 ఏళ్ల వయసుకొచ్చిన 1,165 మందిని పరీక్ష చేశారు. ఆ ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయ్యాయి.

ఏం తేలింది? ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సుమారు 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ పెరిగారు. షుగరుకు దారితీసే లక్షణం వాళ్లలో తక్కువుంది. రక్తనాళాల బిరుసుతనం తక్కువుంది. అయితే బీపీ అంకెలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి, మనకు అనుకూలమైన ముక్కే చెప్పుకోవడం న్యాయం కాదు. కానీ బిరుసెక్కిన నాళాలంటే ఏమిటో బోరు మోటరు నడిపిన రైతుకు ఒకరు చెప్పే పనిలేదు. మెత్తటి పైపు నీటి తోపుకు సాగుతుంది, బిరుసు పైపు సాగదు. అందులో ఒత్తిడి పెరుగుతుంది. పదిహేనేళ్లకు నాళం బిరుసెక్కితే ముప్పైకి, నలభైకి బీపీ వచ్చే ముప్పు పెరుగుతుంది.

తల్లి తిన్న పూటకు, పిల్లల గుండె నాళాలకు సంబంధముందని మన ఊళ్లే లోకానికి చూపించాయి. లండన్ పత్రికలో అచ్చయిన ఆ ముచ్చట మన ఊరి సర్పంచికి తెలుసా? అంగన్వాడీ టీచరుకు ఎవరన్నా చెప్పారా? 2015లో తెలంగాణ సర్కారు ఆరోగ్యలక్ష్మి పేరుతో గర్భిణులకు ఒక పూట నిండు భోజనం, గుడ్డు, పాలు మొదలుపెట్టింది. మంచిదే. కానీ దాన్ని దయాధర్మం లెక్క పెట్టొద్దు. ఆ గుడ్డు ఒక్కరోజు తప్పితే పోయేది తల్లి నోటి రుచి కాదు, బిడ్డ రేపటి గుండె బలం. పాలు పలుచనైతే, గుడ్డు రాకపోతే గల్లా పట్టి అడిగే హక్కు ఊరికి ఉంది.

కంచంలో ఏముంది?

పుట్టిన తర్వాతి సంగతి చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటొద్దంటుంది, చెంచాడు మాత్రం. పిల్లలకు అంతకన్నా తక్కువ. 2017-18 జాతీయ సర్వేలో మన దేశంలో పెద్దవాళ్లు తినేది రోజుకు సుమారు 8 గ్రాములని తేలింది.

పల్లెలో ఈ ఉప్పు ఎక్కడి నుంచి వస్తుంది? కూర లేనప్పుడు తొక్కుల నుంచి, పచ్చళ్ల నుంచి. ఇదీ అసలు కిటుకు. కూర పలుచనైన కొద్దీ ఉప్పూ కారం చిక్కనైతయి. హాస్టల్లో నీళ్ల చారు పోస్తే పిలగాడు ఏం చేస్తాడు? ఇంటి నుంచి తెచ్చుకున్న మామిడికాయ తొక్కు డబ్బా తీస్తాడు. ముద్ద దిగాలంటే అదే దిక్కు. పేదింటి కంచంలో కూర లోటును ఉప్పు పూడుస్తుంది. ఆ ఉప్పును విరిచే పొటాషియం ఆకుకూరల్లో, పప్పుల్లో, పండ్లలో ఉంటుంది. అవే కంచంలో లేవు. రేషన్ దుకాణంలో మనిషికి ఆరు కిలోల బియ్యం ఇచ్చి ఆకలి తీర్చామంటారు. పప్పు ఎవరు కొనాలి? చెలకల్లో జొన్న పోయి పత్తి వచ్చింది. జొన్నతో పాటు సాళ్ల నడుమ పెరిగే పెసరు, అనుములు పోయినాయి. గడ్డిమందు కొడితే గంగవాయిలి కూర కూడా మాడిపోయింది. ఇంట్లో గటక పోయి మూడు పూటలా తెల్లటి అన్నం మిగిలింది.

ఇక సాయంత్రం నాలుగు గంటలు. మధ్యాహ్నం తిన్నది అరిగిపోయింది. బడి ముందట కిరాణంలో ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్లు దండలు కట్టి వేలాడుతుంటాయి. ఐదు రూపాయలకు అరటిపండు దొరకడమే కష్టం, ఉప్పు పట్టించిన ప్యాకెట్ మాత్రం మారుమూల తండాలో కూడా దొరుకుతుంది. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్న తినుబండారాలను బడి ఆవరణలోను, గేటుకు 50 మీటర్లలోపు అమ్మొద్దని 2020లో కేంద్ర ఆహార భద్రత సంస్థ నిబంధన తెచ్చింది. ఏ ఊళ్లో అమలైందో చెప్పండి! టేపు పట్టి కొలిచిన అధికారి ఒక్కడన్నా ఉన్నాడా? కిరాణపాయన మీద పడి లాభం లేదు, ఆయనా మనోడే, బతుకుదెరువు కోసం అమ్ముతాడు. పిలగాడికి నాలుగు గంటలకు ఉడకబెట్టిన శనగలో, బొబ్బర్లో దొరికితే ప్యాకెట్ వైపు ఎందుకు చూస్తాడు?

ఆట లేదు, నిద్ర లేదు

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు గంటసేపు ఒళ్లు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పల్లె పిల్లలకు ఆటేం తక్కువ అనుకుంటాం. ఆ రోజులు పోయినాయి. బడికి ఆటో, ఊరి ఖాళీ జాగల్లో ప్లాట్లు. పీఈటీ సారు లేని బళ్లెన్నో. ఉన్నకాడ పదో తరగతి వచ్చిందంటే ఆటల పీరియడ్‌ను లెక్కల సారు మింగేస్తాడు. ఆడపిల్ల పెద్దమనిషయిందంటే ఆమె ఆట ఆ రోజుతో ఆఖరు. ఇంటి చాకిరీ మాత్రం ఆఖరు కాదు.

13-18 ఏళ్ల వాళ్లకు ఎనిమిది గంటలన్నా నిద్ర కావాలి. ఇంటర్ హాస్టళ్లలో రాత్రి పదకొండు దాకా స్టడీ, తెల్లారి నాలుగున్నరకు గంట. అదేమన్నా చదువా, కోళ్లఫారమా? ఇంటికాడున్నవాడి నిద్రను ఫోను తింటుంది. నిద్ర తక్కువైన పిల్లల్లో బీపీ ఎక్కువ ఉంటుందని చాలా పరిశోధనలు చెప్పాయి. దానికి తోడు గుట్కా, బీడీ, బెల్టుషాపు. పదో తరగతి పిలగాడి చేతికి సీసా అందనంత దూరంలో ఉన్న ఊరేదో చూపించండి. బక్కగా పుట్టిన బిడ్డకు ఈ వయసులో ఒక్కసారిగా ఒళ్లొస్తే ముప్పు ఇంకా ఎక్కువ. బక్కతనం, బరువు రెండూ ఒకే పిలగాడిని రెండు దిక్కుల నుంచి కొడతాయి.

గజ్జి కూడా కారణమే

ఇంకో సంగతి పట్నం డాక్టర్ల వ్యాసాల్లో ఎక్కువ కనిపించదు. కిక్కిరిసిన హాస్టళ్లలో పిల్లలకు గజ్జి వస్తుంది. గోకితే కురుపులవుతాయి. ఆ కురుపుల్లో చేరే ఒక రకం సూక్ష్మక్రిమి వల్ల మూడు నుంచి ఆరు వారాల తర్వాత మూత్రపిండాలు వాయొచ్చు. పొద్దున లేచేసరికి మొఖం ఉబ్బుతుంది, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తుంది, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. పట్టించుకోకపోతే ఫిట్స్ కూడా రావొచ్చు. వెంటనే దవాఖానకు తీసుకుపోతే చాలామంది పిల్లలు పూర్తిగా కోలుకుంటారు. పది మందికి ఒక్క గదిచ్చి, నీళ్లు లేని బాత్రూములిచ్చి, గజ్జి మలాం కూడా ఇయ్యని హాస్టలు నేరుగా పిల్లల మూత్రపిండాలకే ఎసరు పెడుతున్నది.

ఊళ్లో నొప్పికి, దమ్ముకు, జ్వరానికి ఇచ్చే సూదులు, గోలీల్లో స్టెరాయిడ్లుంటాయి, నొప్పి మాత్రలుంటాయి. పదే పదే వాడితే ఆ రెండూ బీపీ పెంచుతాయి. ఆర్ఎంపీని తిట్టి చేతులు దులుపుకోవడం తేలిక. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనొక్కడే. ఆయన్ని పిలిపించి, ఏ మందు పిల్లలకు వాడొద్దో చెప్పి, బీపీ ఎప్పుడు అనుమానించాలో నేర్పే పని మండల దవాఖానది.

పట్టా ఏదీ?

సర్కారు దగ్గర పథకాల పేర్లకు కొదవ లేదు. 30 ఏళ్లు దాటినవాళ్లకు ఊరూరా బీపీ, షుగర్ పరీక్షలున్నాయి. 2017 చివర్లో మొదలైన బీపీ నియంత్రణ కార్యక్రమంలో మొదటి విడత ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అదీ పెద్దవాళ్లకే. 2013లో వచ్చిన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం బళ్లకు వస్తుంది. వాళ్లు వెతకాల్సిన 30 జబ్బుల జాబితాలో బీపీ లేదు. 2014లో కిశోర స్వాస్థ్య కార్యక్రమం పెట్టారు. దాని కాగితాల్లో బీపీ వంటి జబ్బుల ప్రస్తావన ఉంది. కాగితం బడి దాకా నడిచి రాలేదు. ఒక రిజిస్టరు 30 దగ్గర మొదలవుతుంది, ఇంకో రిజిస్టరులో బీపీ గడే లేదు. నడుమ పడ్డ పిలగాడు ఎవరి లెక్కలోకీ రాడు.

"ముందు రక్తహీనత చూడాలె, బక్కతనం చూడాలె, బీపీ ముచ్చట తర్వాత" అని కొందరు అధికారులు అంటారు. ఇవి రెండు వేర్వేరు జబ్బులైతే కదా ముందూ వెనకా! రక్తం లేని తల్లికి బక్క బిడ్డ పుడుతుంది. ఆ బక్క బిడ్డే పదిహేనేళ్లకు బీపీ బిడ్డ. కంచంలో పప్పు, ఆకుకూర, గుడ్డు పెడితే రెండింటికీ మందు వేసినట్టే.

మనం అడిగేవి గొంతెమ్మ కోరికలు కావు. ఏటా బడికొచ్చే డాక్టర్ల బృందం 13 ఏళ్లు దాటిన ప్రతి పిల్ల, పిలగాడి బీపీ చూడాలి. పిల్లల చేతికి సరిపోయే పట్టాలు వాళ్ల సంచిలో ఉండాలి. బక్క చేతికి పెద్దల పట్టా చుడితే ఉన్న బీపీ తక్కువ చూపిస్తుంది, లావు చేతికి ఇరుకు పట్టా చుడితే లేని బీపీ చూపిస్తుంది. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి చూడాలి. డాక్టరును చూసిన బెదురుకే బీపీ పెరుగుతుంది కాబట్టి ఎక్కువ వచ్చిన పిల్లలకు మరో రెండు రోజులు మళ్లీ చూడాలి. అప్పటికీ ఎక్కువుంటే మూత్రపరీక్ష చేసి పెద్ద దవాఖానకు పంపాలి. బీపీ అనగానే గోలీలు మింగించే పని లేదు. చాలామందికి ఉప్పు తగ్గించడం, కూర పెంచడం, ఆట, నిద్ర, ఇవే మొదటి మందు. హాస్టల్ మెనూలో ఎంత ఉప్పు వాడుతున్నారో లెక్క రాయాలి. సాయంత్రం గుగ్గిళ్లు పెట్టాలి. ఆటల పీరియడ్ ఎవరూ ముట్టొద్దు.

తల్లిదండ్రులూ, మీరు కూడా ఓ పని చేయండి. ఇంట్లో తల్లికో తండ్రికో బీపీ ఉంటే, బిడ్డ తక్కువ బరువుతో పుట్టి ఉంటే, తరచూ తలనొప్పంటుంటే, మొఖం ఉబ్బితే బిడ్డను వెంటబెట్టుకొని పోయి బీపీ చూపించండి. "చిన్నపిల్లలకెందుకు" అంటే కదలకుండా కూర్చోండి. తలనొప్పి లేదని నిమ్మళపడొద్దు, చాలామందిలో బీపీ ఏ ఆనవాలూ చూపించదు.

ఆ శిబిరం నుంచి తల దించుకొని పోయిన పిలగాడి బీపీ ఎంతో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఎక్కువుండొచ్చు, లేకపోవచ్చు. చూడకుండానే లేదని రాసుకునే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఈసారి మీ ఊళ్లో శిబిరం పెడితే మీ బిడ్డలను వరుసలో ముందు నిలబెట్టండి. నవ్వేవాళ్లను నవ్వనీయండి. చెయ్యి చాపిన బిడ్డను మాత్రం వెనక్కి పంపనీయకండి.